మిర్చి తొడిమ మిషన్‌కి పేటెంట్: ఏ దేశంలో, ఏ వరుసలో?

#1 ఆటోనగర్ లేత్ (విజయవాడ)

ఎండుమిర్చి తొడిమ తీసే మిషన్. రంధ్రాల డ్రమ్ము తిరుగుతుంటే తొడిమ రంధ్రంలోంచి బయటికి పొడుచుకొస్తుంది, డ్రమ్ముకి వెలుపల ఆనుకుని ఉన్న బ్లేడు దాన్ని కోసేస్తుంది. ఇంతవరకు కొత్తేం లేదు. కొత్తది రెండు చోట్ల ఉంది. ఒకటి, లోపలికి పోయే కాయ తేమని సెన్సర్ చూసి డ్రమ్ము వేగాన్ని, బ్లేడు ఎడాన్ని మారుస్తుంది. గలగలలాడే కాయ పగిలి గింజ రాలిపోతుంది, పదును (తడి) ఉన్న కాయకి తొడిమ తెగక సాగుతుంది, రెండింటికీ ఒకే సెట్టింగ్ కుదరదు. రెండోది, బ్లేడుని పట్టి ఉంచే స్ప్రింగు బ్రాకెట్.

అమ్మకం ఇంకా మొదలు కాలేదు. గుంటూరులో కొనబోయేవాళ్లలో చైనాకి కాయ పంపే ఎక్స్‌పోర్టర్లు ఉన్నారు, కాపీ అక్కడినుంచే వస్తుందని అనుమానం. ప్రపంచం మొత్తానికి ఒకే పేటెంట్ తీసుకునే దారి ఉందా? లేకపోతే ఏ దేశాలు, ఏ వరుసలో? కంట్రోలర్ ప్రోగ్రాం రాసింది టెక్సాస్‌లో ఉంటున్న మా బావమరిది. దానివల్ల ఏమైనా తేడా పడుతుందా?

#2 కృష్ణలంక డ్రాఫ్టర్

ప్రపంచ పేటెంట్ అనేది లేదండి. పీసీటీ (పేటెంట్ సహకార ఒప్పందం) దరఖాస్తుని చాలామంది అలా అనుకుంటారు. అది దరఖాస్తు మాత్రమే, దాని మీద ఎవరూ పేటెంట్ ఇవ్వరు. వెతికి రిపోర్టు ఇస్తారు, ఆ తర్వాత ఏ దేశానికి ఆ దేశంలో విడిగా ఫీజు కట్టి పరీక్ష ఎదుర్కోవాలి.

తేదీల లెక్క ముందు అర్థం చేసుకోండి. ఇండియాలో మొదటి దరఖాస్తు 2026 జనవరి 10న పడిందనుకుందాం. అది మీ ప్రయారిటీ తేదీ. పారిస్ ఒప్పందం ప్రకారం 12 నెలలు, అంటే 2027 జనవరి 10 లోపు పీసీటీ గానీ నేరుగా వేరే దేశంలో గానీ వేస్తే అక్కడ కూడా 2026 జనవరి 10నే వేసినట్టు లెక్క. పీసీటీ దారిలో పోతే అమెరికా, జపాన్, చైనాల్లో 30 నెలలకి, అంటే 2028 జులై 10కి లోపలికి వెళ్లాలి. చైనాలో అదనపు ఫీజు కడితే ఇంకో 2 నెలలు ఇస్తారు. యూరప్, ఇండియా 31 నెలలు. తైవాన్ పీసీటీలో లేదు, అది కావాలనుకుంటే మొదటి 12 నెలల్లోనే నేరుగా వేసుకోవాలి.

కాబట్టి ఏ దేశాలు అన్నది ఈ రోజు తేల్చక్కర్లేదు, రెండున్నరేళ్ల టైం కొనుక్కోవచ్చు. ఈ రోజు చూసుకోవాల్సింది ఒకటే. ఆ మొదటి తేదీకి ముందు విషయం బయటికి పొక్కిందా లేదా.

#3 మిర్చియార్డ్ గుంటూరు

పొక్కడం అంటే ఏంటండి? వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే లెక్కా? యార్డు వ్యాపారుల గ్రూపులో వందల మంది ఉంటారు. కొత్త మిషన్ ఏదొచ్చినా ముందు అక్కడే కనిపిస్తుంది.

#4 కృష్ణలంక డ్రాఫ్టర్

లెక్కే. రహస్యంగా ఉంచుతామని మాట ఇవ్వని మనిషి చూశాడంటే అది బయటికి వచ్చినట్టే. అయితే దేశాల మధ్య తేడా మొత్తం ఇక్కడే ఉంది.

అమెరికా: సొంతంగా బయటపెట్టుకున్న తేదీ నుంచి ఏడాది లోపు దరఖాస్తు వేస్తే చాలు. అలాగని అమ్మకం విషయంలో తేలిగ్గా తీసుకోవద్దు. రహస్య ఒప్పందం మీద అమ్మినా ఆ రోజు నుంచే ఏడాది లెక్క మొదలవుతుందని అక్కడి సుప్రీంకోర్టు 2019లో హెల్సిన్ కేసులో తేల్చింది.

జపాన్: 12 నెలలు. దరఖాస్తు వేసేటప్పుడే ఫలానా రోజు బయటపెట్టామని చెప్పి, 30 రోజుల్లో రుజువు ఇవ్వాలి. ఇక్కడివాళ్లు ఎక్కువగా జారవిడిచేది ఆ 30 రోజుల్నే. కొరియా కూడా 12 నెలలే.

చైనా: 6 నెలలు, అదీ పేరుకే. అక్కడి ప్రభుత్వం గుర్తించిన అంతర్జాతీయ ప్రదర్శన, నిర్ణీత విద్వత్ సదస్సు, మీ అనుమతి లేకుండా ఇంకెవరో బయటపెట్టడం లాంటివే దాని కిందికి వస్తాయి. మామూలు ట్రేడ్ షోలో స్టాల్ పెడితే పనికిరాదు.

యూరప్: మీరే బయటపెట్టుకుంటే ఒక్క రోజు కూడా లేదు. నమ్మకద్రోహం చేసి ఎవరైనా బయటపెడితే, లేదా చాలా అరుదైన కొన్ని అధికారిక ప్రదర్శనలకి 6 నెలలు.

ఇండియా యూరప్‌కి దగ్గరగా ఉంటుంది. సెక్షన్ 31లో 12 నెలలు ఉన్నా, అది కేంద్రం గెజిట్‌లో నోటిఫై చేసిన ప్రదర్శనకి, విద్వత్ సంస్థ ముందు చదివిన పేపర్‌కి, ఇంకా ఒకటి రెండు సందర్భాలకి మాత్రమే. గుంటూరులో వ్యవసాయ ప్రదర్శన జరిగింది, కలెక్టర్ ప్రారంభించారు అంటే సరిపోదు. సెక్షన్ 32 కింద మిషన్ పని చేస్తుందో లేదో చూసుకోవడానికి నలుగురిలో నడిపి చూసినా పర్వాలేదు, ఏడాది లోపు వేయాలి, ఆ ట్రయల్ నలుగురిలో చేయక తప్పని పరిస్థితి అయి ఉండాలి. యార్డులో పది టిక్కీలు (మిర్చి బస్తాలు) పోసి చూపించి అడ్వాన్సు తీసుకుంటే దాన్ని ట్రయల్ అనరు, అమ్మకం అంటారు.

#5 బ్రాడీపేట నాలుగో లైన్

చిన్న సవరణ. వీడియో బయటికి వెళ్లిందంటే అంతా పోయినట్టు కాదు. వీడియోలో ఏం కనిపించిందో అదే పోతుంది. డ్రమ్ము తిరగడం, తొడిమలు రాలడం కనిపిస్తే పాత సంగతే కాబట్టి నష్టం లేదు. బ్రాకెట్ దగ్గరగా కనిపిస్తే దాని ఆకారం పోయింది. తేమని బట్టి వేగం మార్చే లాజిక్ బయట నుంచి కనపడదు, అది నిలుస్తుంది. కానీ మిషన్ అమ్మారంటే యూరప్ లెక్కలో కొన్నవాడు విప్పి చూసి తెలుసుకోగలిగినదంతా బయటపడినట్టే. విప్పాడా లేదా అని అడగరు.

కొనబోయేవాడికి చూపించక తప్పదనుకుంటే రెండు పేజీల రహస్య ఒప్పందం రాయించుకుని, తేదీ వేసి, షెడ్‌లోకి ఫోన్లు రానివ్వకుండా చూపించండి. సంతకం పెట్టనన్నవాడికి దరఖాస్తు నంబరు వచ్చాకే చూపించండి.

#6 గుణదల కోర్టు

టెక్సాస్ బావమరిది గురించి ఎవరూ మాట్లాడలేదు. అసలు చిక్కు అక్కడుంది.

ఇండియాలో నివాసం ఉన్న వ్యక్తి తన ఆవిష్కరణని అనుమతి లేకుండా ముందుగా విదేశంలో ఫైల్ చేయకూడదు. సెక్షన్ 39. రెండు దారులు: ఇక్కడ ముందు ఫైల్ చేసి 6 వారాలు ఆగడం, లేదా ఫారం 25 వేసి అనుమతి తీసుకోవడం. తప్పితే ఇక్కడి దరఖాస్తు వదిలేసినట్టే అవుతుంది, సెక్షన్ 118 కింద 2 ఏళ్ల వరకు జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు. ఇక్కడ చట్టం చూసేది మనిషి ఎక్కడ నివాసం ఉంటున్నాడని, పాస్‌పోర్టు రంగు కాదు.

అమెరికా చట్టం ఇంకోలా చూస్తుంది, ఆవిష్కరణ ఎక్కడ జరిగిందని. అమెరికా గడ్డ మీద చేసిన పని ఉంటే, వాళ్ల లైసెన్సు లేకుండా బయటి దేశంలో వేయకూడదు. వేస్తే అమెరికా పేటెంట్ చెల్లదు, పొరపాటున జరిగిందని నిరూపించి వెనక తేదీ లైసెన్సు తెచ్చుకుంటే తప్ప. చైనాదీ ఇదే పద్ధతి, అక్కడ పూర్తి చేసిన ఆవిష్కరణైతే బయట వేసేముందు, రహస్యంగా ఉంచాల్సినదా అన్న పరీక్షకి పెట్టాలి.

అంటే విజయవాడలో ఒకరు, టెక్సాస్‌లో ఒకరు కలిసి చేసిన పనికి రెండు తలుపులూ తట్టాలి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ప్రతి ఇంటికీ ఒక అమెరికా అల్లుడు ఉంటాడు కాబట్టి ఈ ముడి ఇక్కడ తరచూ పడుతుంది. అయినా ఎవరూ ముందు అడగరు.

#7 ఆటోనగర్ లేత్

ఆయన రాసింది ప్రోగ్రామే. తేమ ఇంత ఉంటే వేగం ఇంత అన్న లెక్క మేం ట్రయల్స్ చేసి ఇచ్చాం.

#8 గుణదల కోర్టు

అలాగైతే ఆయన ఆవిష్కర్త కాకపోవచ్చు. చెప్పిన లెక్కని కోడ్‌గా మార్చడం చేతిపని. క్లెయిములో (దరఖాస్తులో ఇది మాది అని హక్కు అడిగే వాక్యంలో) ఉన్న ఆలోచన ఎవరిదో వాళ్లే ఆవిష్కర్త. కానీ సెన్సర్ సిగ్నల్ దూకుతుంటే సగటు తీసి ఆలస్యంగా స్పందించేలా చేయడం ఆయన ఆలోచనే అయి, మీరు దాన్ని క్లెయిములో పెడితే, పేరు పెట్టి తీరాలి. ఆవిష్కర్త పేరు తప్పు పెట్టడం అమెరికాలో పేటెంటుని కూల్చే కారణం, బంధుత్వం కోసం పేరు చేర్చడమూ అంతే.

ఆయన పేరు ఉండేట్టయితే: ఇక్కడ ఫారం 25, వ్యక్తికి ఆన్‌లైన్‌లో 1,600 రూపాయలు, అన్నీ సక్రమంగా ఉంటే మామూలుగా 21 రోజుల్లో వస్తుంది. అటు అమెరికా ఆఫీసులో విదేశీ దరఖాస్తు లైసెన్సుకి పిటిషన్. రెండూ చేతికొచ్చాక ఎక్కడ ముందు వేసినా పర్వాలేదు.

#9 బ్రాడీపేట నాలుగో లైన్

చైనా సంగతికి వస్తాను, లేత్ గారి భయం అదే కదా.

అక్కడ మూడు రకాలున్నాయి: ఇన్వెన్షన్ పేటెంట్ 20 ఏళ్లు, యుటిలిటీ మోడల్ 10 ఏళ్లు, డిజైన్ 15 ఏళ్లు (2021 జూన్ 1 నుంచి, అంతకుముందు 10). యుటిలిటీ మోడల్‌కి కొత్తదా, ఆ పని తెలిసినవాడికి సులభంగా తోచేదేనా అన్నదాని మీద లోతైన పరీక్ష ఉండదు, కాబట్టి త్వరగా వస్తుంది. వస్తువు ఆకారానికి, కట్టడానికి మాత్రమే ఇస్తారు. మీ స్ప్రింగు బ్రాకెట్ దీనికి సరిగ్గా సరిపోతుంది. తేమని బట్టి నడిపే పద్ధతి అందులోకి రాదు, దానికి ఇన్వెన్షన్ కావాలి.

చైనాలో నేరుగా వేసేవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. ఒకే విషయానికి ఒకే రోజు రెండూ వేయొచ్చు, యుటిలిటీ మోడల్ ముందు చేతికొస్తుంది, ఇన్వెన్షన్ మంజూరయ్యే రోజు దాన్ని వదులుకుంటారు. పీసీటీ ద్వారా వెళ్తే రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. అందుకే చైనా ఒక్కటే లక్ష్యం అయితే పీసీటీ లేకుండా 12 నెలల్లో నేరుగా పోవడమే మేలంటాను.

లోపం కూడా చెప్పాలి. పరీక్ష లేకుండా వచ్చిన హక్కు కాబట్టి కేసు వేసేటప్పుడు పేటెంట్ ఆఫీసు ఇచ్చే మదింపు రిపోర్టుని కోర్టు అడగొచ్చు, ఆ రిపోర్టు వ్యతిరేకంగా వస్తే చేతిలో ఉన్నది కాగితమే.

జర్మనీలోనూ యుటిలిటీ మోడల్ ఉంది, 10 ఏళ్లు. దానికి సొంతంగా బయటపెట్టుకున్నా 6 నెలల గ్రేస్ (వెసులుబాటు) కూడా ఇస్తారు, అంటే యూరోపియన్ పేటెంట్ చేజారినా జర్మనీలో ఈ చిన్న తలుపు తెరిచే ఉంటుంది. ఇండియాలో, అమెరికాలో, బ్రిటన్‌లో యుటిలిటీ మోడల్ లేదు. ఇక్కడ ఉన్నది డిజైన్ రిజిస్ట్రేషన్, 10 ఏళ్లు, ఇంకో 5 పొడిగించుకోవచ్చు. కానీ అది కంటికి కనపడే రూపానికి, పనితనానికి కాదు.

#10 నల్లపాడు

చైనాలో పేటెంట్ తీసుకుని ఏం లాభం, అక్కడి కోర్టు మనవైపు చెబుతుందా అని ఎవరో ఒకరు అంటారు కాబట్టి ముందే రాస్తున్నా. కోర్టు సంగతి పక్కన పెట్టండి, కస్టమ్స్ చూడండి.

చైనా కస్టమ్స్‌లో పేటెంట్ నమోదు చేయించుకోవచ్చు, వాళ్లు దిగుమతుల్నే కాదు ఎగుమతుల్ని కూడా ఆపుతారు. కాపీ మిషన్ చైనా రేవు దాటకముందే ఆపే అవకాశం ఉంది. మన దగ్గర అలా లేదు. దిగుమతి సరుకుల మేధో హక్కుల నిబంధనలు 2007లో వచ్చినప్పుడు పేటెంట్ కూడా అందులో ఉండేది, 2018లో తీసేశారు. ట్రేడ్‌మార్క్, డిజైన్, కాపీరైట్, జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉన్నాయి. అంటే చెన్నైలోనో కృష్ణపట్నంలోనో కంటైనర్ దిగుతుంటే కేవలం మీ భారతీయ పేటెంట్ నమోదు చూపించి ఆపమనలేరు, కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి. డిజైన్ రిజిస్టర్ చేసుకుంటే దాన్ని మాత్రం కస్టమ్స్‌లో పెట్టుకోవచ్చు. మిషన్ బయటి రూపానికి డిజైన్ దండగ అనుకునేవాళ్లు ఈ లెక్క కూడా చూసుకోండి. అమెరికాలో ఐటీసీ (అంతర్జాతీయ వాణిజ్య కమిషన్) అనే ప్రభుత్వ సంస్థ ఉంది, సెక్షన్ 337 కింద సరుకు దేశంలోకే రాకుండా ఉత్తర్వు ఇస్తుంది, కానీ ఆ ఖర్చు మన స్థాయిది కాదు.

#11 ఆటోనగర్ లేత్

ఖర్చు ఎవరైనా అంకెల్లో చెప్పండి.

#12 కృష్ణలంక డ్రాఫ్టర్

ఇండియా ఆఫీసు ఫీజులు, ఆన్‌లైన్‌లో, వ్యక్తి లేదా స్టార్టప్ లేదా చిన్న సంస్థ లేదా విద్యాసంస్థకి: దరఖాస్తు 1,600, పరీక్ష కోరడం 4,000, త్వరగా ప్రచురించడం (ఫారం 9) 2,500, త్వరిత పరీక్ష (ఫారం 18ఏ) 8,000. పెద్ద కంపెనీకి ఇవే 8,000, 20,000, 12,500, 60,000. వ్యక్తికీ చిన్న సంస్థకీ 30 పేజీలు దాటితే పేజీకి 160, 10 క్లెయిములు దాటితే క్లెయిముకి 320. చిన్న సంస్థ అని చెప్పుకోవాలంటే ఫారం 28, ఉద్యమ్ సర్టిఫికెట్ జత చేయాలి. మంజూరయ్యాక వీళ్లకి 3వ ఏడాది నుంచి 6వ ఏడాది వరకు ఏటా 800, తర్వాత మెట్టుమెట్టుగా పెరిగి 16 నుంచి 20 దాకా ఏటా 8,000. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నై ఆఫీసు పరిధి. అన్నీ ఆన్‌లైన్‌లోనే జరుగుతాయి కాబట్టి రైలెక్కే పనిలేదు.

రాసిపెట్టేవాళ్ల ఫీజు దీనికి పదింతలు కావచ్చు, అది మనిషిని బట్టి.

పీసీటీలో ఒక పెద్ద మినహాయింపు చాలామందికి తెలియదు. దరఖాస్తుదారులంతా భారత పౌరులై, ఇక్కడే నివాసం ఉంటూ, వ్యక్తులుగా వేస్తే అంతర్జాతీయ దాఖలు ఫీజులో 90 శాతం తగ్గుతుంది. కంపెనీ పేరు మీద వేస్తే ఈ తగ్గింపు పోతుంది. వ్యక్తి పేరు మీద వేసి, తర్వాత కంపెనీకి రాసిచ్చేద్దాం అనే తెలివి చాలామందికి వస్తుంది. వేసే రోజుకే కంపెనీకి ఇవ్వాలన్న ఒప్పందం ఉంటే, నిజమైన యజమాని కంపెనీయే కాబట్టి తగ్గింపుకి అర్హత లేదు. అలాగే టెక్సాస్ ఆయన దరఖాస్తుదారుగా ఉన్నా ఆ 90 శాతం పోతుంది. ఆవిష్కర్తగా పేరుండటం వేరు, దరఖాస్తుదారుగా ఉండటం వేరు. ఆయన తన హక్కు మీకు రాసిచ్చి పక్కకి తప్పుకుంటే సరిపోతుంది.

క్లెయిముల లెక్క దేశానికొక రకం: ఇండియా, చైనా 10 దాటితే అదనం, యూరప్ 15, అమెరికా మొత్తం 20, స్వతంత్ర క్లెయిములైతే 3. చైనాలో అసలు దెబ్బ ఫీజులో కాదు, అనువాదంలో. తేమ, పదును, తొడిమ మెడ లాంటి మాటలు ఇంగ్లీషు నుంచి చైనీస్‌లోకి పోయేటప్పుడు అర్థం జారిపోతే క్లెయిము ఇరుక్కుంటుంది. ముందే బొమ్మలో ప్రతి భాగానికీ నంబరు ఇచ్చి, వివరణ అంతటా ఒక భాగానికి ఒకే మాట వాడండి.

#13 బ్రాడీపేట నాలుగో లైన్

రాసే పద్ధతి గురించి ఒకటి, ఇది డబ్బు కన్నా ముఖ్యం. మన దగ్గర ప్రొవిజనల్ (తేదీ కోసం ముందుగా వేసే తాత్కాలిక దరఖాస్తు) అంటే రెండు పేజీలు గీకి 1,600 కట్టేసి నంబరు తెచ్చుకోవడం అయిపోయింది. ప్రొవిజనల్‌లో ఉన్న దానికే ఆ తేదీ వర్తిస్తుంది. పది నెలల తర్వాత కంప్లీట్‌లో (పూర్తి దరఖాస్తులో) స్ప్రింగు బ్రాకెట్ చేర్చారనుకోండి, బ్రాకెట్‌కి ఆ రోజు తేదీయే. మధ్యలో మిషన్ అమ్మి ఉంటే బ్రాకెట్ పోయినట్టే.

యూరప్‌లో ఇది మరీ కఠినం. మొదట రాయని దాన్ని తర్వాత చేర్చనివ్వరు. "కాయ తేమని బట్టి వేగం మారును" అని మాత్రమే రాస్తే, పరీక్షకుడు పాత పత్రం ఒకటి చూపించినప్పుడు వెనక్కి తగ్గడానికి చోటుండదు. అందుకే మొదటి రోజే మెట్లు మెట్లుగా రాయాలి: తేమ 8 నుంచి 14 శాతం, అందులో 10 నుంచి 12, దానికి డ్రమ్ము నిమిషానికి ఎన్ని చుట్లు, బ్లేడు ఎడం ఎన్ని మిల్లీమీటర్లు, రంధ్రం వ్యాసం ఎంత, రకాన్ని బట్టి ఎలా మారుతుంది. తేజ కాయ సన్నం, బ్యాడిగ పొడవు, ముడతలు. రెండింటి అంకెలూ ఇవ్వండి. ఇండియాలో కూడా సెక్షన్ 59 ప్రకారం సవరణ అంటే కుదించడం, తప్పు దిద్దడం, వివరించడమే, కొత్తది చేర్చడం కాదు.

ఇంకో తేడా. తెలిసిన పద్ధతుల్లో అన్నిటికన్నా మంచిదాన్ని బయటపెట్టాలని ఇండియా చట్టం అడుగుతుంది. యూరప్ అడగదు. అమెరికా చట్టంలో మాట ఉంది గానీ, దాన్ని దాచారన్న కారణంతో పేటెంటుని 2011 సవరణ తర్వాత కొట్టేయలేరు. కాబట్టి అసలు సెట్టింగు దాచి మిగతాది రాద్దాం అనుకుంటే ముందు మునిగేది ఇక్కడే.

#14 మిర్చియార్డ్ గుంటూరు

కంట్రోలర్ అంటే సాఫ్ట్‌వేర్ కదా, ఇండియాలో సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వరంటారు?

#15 కృష్ణలంక డ్రాఫ్టర్

పేటెంట్ చట్టంలో సెక్షన్ 3(కె) అడ్డుపడేది ప్రోగ్రామ్‌ని ప్రోగ్రామ్‌గానే అడిగితే. "సెన్సర్, మోటారు డ్రైవ్, బ్లేడు జరిపే స్క్రూ, వీటిని కలిపే నియంత్రణ భాగం ఉన్న మిషన్" అని అడగండి, గింజ రాలడం ఇంత తగ్గిందన్న ట్రయల్ అంకెలు పెట్టండి. యూరప్ కూడా సాంకేతిక ఫలితమే చూస్తుంది. అమెరికాలో 2014 ఆలిస్ తీర్పు తర్వాత ఉత్త లెక్కకి కష్టం గానీ, కదిలే డ్రమ్ము ఉన్న మిషన్‌కి ఆ బాధ తక్కువ. 3(హెచ్) వ్యవసాయ పద్ధతులకి, కోత తర్వాత వాడే మిషన్‌కి తగలదు.

#16 లాం రోడ్డు విత్తనం

మిషన్ అయిపోయింది కాబట్టి కాయ సంగతి అడగొచ్చా? కొత్త మిర్చి హైబ్రిడ్‌కి ఏ దేశంలో ఏ రక్షణ? గుంటూరులో విత్తనాల కంపెనీలకి ఇదే ప్రశ్న.

#17 పటమట బయోటెక్

ఇండియాలో మొక్కకి, విత్తనానికి, రకానికి పేటెంట్ లేదు, 3(జె). దాని బదులు 2001 నాటి మొక్కల రకాలు, రైతు హక్కుల చట్టం. పంటలకి 15 ఏళ్లు, చెట్లకీ తీగలకీ 18. కొత్తదనం లెక్క పేటెంట్ లెక్క కాదు: దరఖాస్తుకి ముందు ఇండియాలో అమ్మి ఏడాది దాటకూడదు, విదేశంలో 4 ఏళ్లు, చెట్లూ తీగలైతే 6. ఉన్న రకాల పక్కన నిలబెట్టి వేరుగా ఉందని, సమానంగా ఉందని, తరం మారినా మారదని పరీక్షలో చూపించాలి. రైతు విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, బ్రాండ్ వేసి మాత్రం అమ్మకూడదు. ఇంత హక్కు యూరప్‌లో గానీ అమెరికాలో గానీ రైతుకి లేదు.

అమెరికాలో మూడు పొరలు. అంటు కట్టి పెంచేవాటికి 1930 నుంచి ప్లాంట్ పేటెంట్, విత్తనంతో పెంచేవాటికి 1970 చట్టం కింద సర్టిఫికెట్, వీటి మీద మామూలు పేటెంట్ కూడా తీసుకోవచ్చని 2001లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. పేటెంట్ ఉన్న సోయా గింజని ధాన్యం కొట్టులో కొని మళ్లీ వేసుకున్న రైతు 2013లో బోమన్ కేసులో ఓడిపోయాడు. యూరప్‌లో రకానికి పేటెంట్ ఇవ్వరు, రక్షణ విడి చట్టం కింద. ఆ రకాల రక్షణ చట్టాలు యుపొవ్ (కొత్త మొక్కల రకాల రక్షణకి అంతర్జాతీయ) ఒప్పందం చుట్టూ అల్లినవి, ఇండియా అందులో సభ్యత్వం తీసుకోలేదు.

జన్యువు చేర్చిన పత్తి గొడవ మీకు తెలిసిందే. మోన్‌శాంటో, నూజివీడు సీడ్స్ కేసులో 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు బెంచ్ పేటెంట్ చెల్లదంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి విచారణకి వెనక్కి పంపింది, తర్వాత రెండు పక్షాలూ రాజీ పడ్డాయి. కాబట్టి విత్తనంలో చేర్చిన జన్యు క్రమానికి ఇక్కడ పేటెంట్ నిలుస్తుందా అన్న అసలు ప్రశ్నకి పైకోర్టు జవాబు రానే లేదు. కంపెనీల లైసెన్సు ఒప్పందాల్లో ఈ అనిశ్చితికి ధర కడుతున్నారు, అది న్యాయమే.

హైబ్రిడ్‌కి నా సలహా: తల్లిదండ్రుల వరసల్ని రిజిస్టర్ చేయండి, వాటిని బయటికి పోనివ్వకండి. పేరుకి ట్రేడ్‌మార్క్ వేరు, రకం పేరు వేరు. రెండూ ఒకటే పెడితే చట్టం ఒప్పుకోదు.

#18 మిర్చియార్డ్ గుంటూరు

మిర్చి కారం సారం, పసుపు కలిపి నొప్పి మందు చేస్తే?

#19 పటమట బయోటెక్

ఇండియాలో నాలుగు చోట్ల ఆపుతారు. కలిపినంత మాత్రాన కుదరదు, రెండూ కలిస్తే విడివిడి ఫలితాల మొత్తానికి మించి వచ్చిందని చూపాలి, 3(ఇ). సంప్రదాయ జ్ఞానం అయితే 3(పి). తెలిసిన పదార్థానికి కొత్త ఉపయోగం అంటే 3(డి). చికిత్స పద్ధతి అంటే 3(ఐ). యూరప్‌లో తెలిసిన మందుకి రెండో వైద్య ఉపయోగం క్లెయిము ఇస్తారు, అమెరికాలో చికిత్స పద్ధతే క్లెయిము చేయొచ్చు. అందుకే అదే దరఖాస్తు అక్కడ పాసై ఇక్కడ పోవడం మామూలే. ల్యుకేమియా మందు గ్లివెక్ స్ఫటిక రూపం అమెరికాలో మంజూరైంది, ఇక్కడ 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు 3(డి) కింద కాదంది. పసుపుతో గాయం మానడం మీద అమెరికా ఇచ్చిన పేటెంటుని సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది.

ఇంకో మెట్టు చాలామంది మర్చిపోతారు: ఇక్కడి జీవవనరు వాడితే జాతీయ జీవవైవిధ్య సంస్థ దగ్గరికి పోవాలి. 2023 సవరణ తర్వాత భారతీయులైతే పేటెంట్ మంజూరయ్యే లోపు నమోదు చేసుకోవాలి, విదేశీ వాటా ఉంటే అనుమతి. అది లేక ఫైలు ఆగిపోతుంది.

#20 నల్లపాడు

గుంటూరు సన్నం జీఐ గురించి ఒక్క మాట. జీఐ ఎవరి సొంతమూ కాదు, అధీకృత వాడకందారుగా విడిగా నమోదైనవాళ్లే ఆ గుర్తు వాడాలి. ఇక్కడి జీఐ ఇక్కడే. యూరప్‌లో కావాలంటే అక్కడ మళ్లీ వేయాలి, డార్జీలింగ్ టీ 2011లో అలా తెచ్చుకుంది. అమెరికాలో జీఐ చట్టమే విడిగా లేదు, సర్టిఫికేషన్ మార్క్ తీసుకుంటారు. కొండపల్లి బొమ్మలు, మంగళగిరి చీరల్లాంటి చేతిపనులకి యూరప్‌లో ఇన్నాళ్లూ దారి లేదు, 2025 డిసెంబర్ 1 నుంచి వాటికీ నిబంధన అమల్లోకి వచ్చింది. సంఘాలు ఎవరైనా కదిలితే బాగుండు.

#21 ఆటోనగర్ లేత్

మళ్లీ మిషన్‌కి వస్తా. ఇండియా, చైనా చాలంటారా? యూరప్, అమెరికా వదిలేయొచ్చా?

#22 కృష్ణలంక డ్రాఫ్టర్

వదిలేయండి అనే అంటాను. తొడిమ తీసే పని ఎక్కడ జరుగుతుంది, మిషన్ ఎక్కడ తయారవుతుంది, ఈ రెండే చూడండి. రెండూ ఇండియా, చైనాల్లోనే ఎక్కువ. యూరప్ కారం పొడి కొంటుంది, మిషన్ కాదు. 2023 జూన్ 1 నుంచి యూనిటరీ పేటెంట్ వచ్చింది, ఒకే పేటెంట్ 18 దేశాల్లో చెల్లుతుంది, స్పెయిన్, పోలండ్ లాంటివి లేవు. మంజూరు ప్రకటించాక నెలలోపు కోరుకోవాలి. వినడానికి చౌక. కానీ ఒక్క దావాలో ఓడితే 18 చోట్లా ఒకేసారి పోతుంది, పైగా మీకు అక్కడ కొనేవాడే లేడు.

వరుస ఇలా. బావమరిది పాత్ర కాగితం మీద తేల్చండి. ఇండియాలో అంకెలన్నీ ఉన్న దరఖాస్తు వేయండి, ప్రొవిజనల్ అయినా సరే కంప్లీట్ అంత నిండుగా. 6 వారాలు ఆగండి. పైన చెప్పిన ఉదాహరణ తేదీకైతే ఫిబ్రవరి 21 దాటాక చైనాలో ఇన్వెన్షన్, యుటిలిటీ మోడల్ ఒకే రోజు. ఇండియాలో పరీక్ష కోరే గడువు ఇప్పుడు 31 నెలలు, పాత పుస్తకాల్లో 48 అని ఉంటుంది, నమ్మొద్దు. 2024 మార్చి 15 నుంచి మారింది. పరీక్ష నివేదిక వచ్చాక జవాబుకి 6 నెలలు, ఇంకో 3 పొడిగించుకోవచ్చు. చైనా దరఖాస్తు వివరాలు ఫారం 3లో చెప్పడం మర్చిపోతే దాన్ని పట్టుకుని ఎదుటివాడు పేటెంట్ రద్దు అడుగుతాడు.

#23 గుణదల కోర్టు

మంజూరయ్యాక పని అయిపోయిందనుకోకండి. ఇండియాలో మంజూరుకి ముందు ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు, మంజూరు ప్రచురించాక ఏడాది వరకు ఆసక్తి ఉన్నవాళ్లు పెట్టొచ్చు. యూరప్‌లో ఆ గడువు 9 నెలలు, చైనాలో ఎప్పుడైనా రద్దు అడగొచ్చు. ఇక్కడ వాడుతున్నామని మూడేళ్లకోసారి ఫారం 27 ఇవ్వాలి, అమెరికాలో అలాంటిదేం లేదు. దావా జిల్లా స్థాయి కోర్టులోనే వేయొచ్చు, కానీ ఎదుటివాడు పేటెంట్ చెల్లదని ఎదురు దావా వేసిన క్షణం కేసు హైకోర్టుకి పోతుంది. అంటే నేలపాడు, మన హైకోర్టు ఉన్న చోటు. మంజూరు కాకముందే మిషన్ మీద "పేటెంటెడ్" అని రాయించొద్దు, సెక్షన్ 120 కింద జరిమానా 10 లక్షల దాకా పెరిగింది. దరఖాస్తు వేశాక "పేటెంట్ పెండింగ్" అని రాసుకోవచ్చు.

#24 ఆటోనగర్ లేత్

బొమ్మలు మా డ్రాఫ్ట్స్‌మన్ ఆటోక్యాడ్‌లో గీస్తాడు. కొలతలు వేసి ఇవ్వమంటారా?

#25 కృష్ణలంక డ్రాఫ్టర్

వద్దు. వర్క్‌షాప్ డ్రాయింగు వేరు, ఇది వేరు. ఏ4 కాగితం, పైన, ఎడమ 4 సెంటీమీటర్లు, కింద, కుడి 3 సెంటీమీటర్లు ఖాళీ. కొలతలు, టాలరెన్సులు, కంపెనీ పేరు పెట్టె తీసేయించండి. ప్రతి భాగానికీ నంబరు, దాని నుంచి గీత, అంతే. మాటలు రాయకూడదు, కంట్రోలర్ ఫ్లోచార్టులో తప్ప. మొత్తం మిషన్ ఒకటి, డ్రమ్ము కోత ఒకటి, బ్రాకెట్ మాత్రం స్ప్రింగు వదులుగా ఉన్నప్పుడు, నొక్కుకున్నప్పుడు రెండు స్థితుల్లో విడివిడిగా గీయించండి. చైనా యుటిలిటీ మోడల్‌కి బొమ్మ లేకుండా తీసుకోరు, ఈ రెండు బొమ్మలే అక్కడా పనికొస్తాయి.